పో పక్కన చుక్క

జూన్ 12

అమ్మా,

క్షేమంగా చేరాను. పెట్టె తాళం ఊడిపోయింది తప్ప ఇంకేమీ పోలేదు. బస్సు కదిలేదాకా నువ్వు కిటికీ ఊచ వదలకుండా నిలబడ్డావే, అదే తలుచుకుంటూ సగం దారి వచ్చాను. మిగతా సగం నిద్రపోయాను. నిజం చెప్పాలి కదా.

మామయ్య ఇల్లు ఇల్లులా లేదు. కింద రెండంతస్తులూ ఆఫీసు, ఆ పైన ఆయన, అన్నిటికంటే పైన నా గది. గుమ్మంలో అడుగు పెట్టగానే తల ఎత్తకుండా "ఎన్నో అంతస్తు?" అన్నాడు. నేను బిత్తరపోయాను. ఆఫీసంతా గొల్లున నవ్వింది. ఎవరొచ్చినా మొదటి మాట అదేనట. నగరపాలక భవనంలో పదకొండేళ్ళు లిఫ్టు నడిపిన మనిషి కదా. ముసలివాళ్ళు ఇప్పటికీ "లిఫ్టాయన" అనే అంటారు.

"లిఫ్టులో నిలబడితే చాలే పిల్లా, ఊరి కష్టాలన్నీ నడుచుకుంటూ నీ దగ్గరికే వస్తాయి. నాలుగో అంతస్తు అన్నాడంటే ఇల్లు కూలుస్తున్నారు. రెండు అన్నాడంటే బిడ్డ పుట్టింది. ఏ అంతస్తో చెప్పకుండా ఊరికే నిలబడ్డాడంటే ఉద్యోగం ఊడింది. వాడే మన మనిషి" అన్నాడు. ఈ వార్డు కార్పొరేటరుగా ఏడుసార్లు వరసగా గెలిచాడు. తను మేయరు ఎప్పుడూ కాలేదు గానీ ఐదుగురు మేయర్లని ఈయనే కూర్చోబెట్టాడట, ముగ్గురిని ఈయనే లేపాడట.

నాకు పని కూడా అప్పజెప్పాడు. అక్టోబరు తొమ్మిదిన ఎనిమిదో ఎన్నిక. ఆలోపు ఆయన జీవితం పుస్తకంగా రావాలి. రాసేది నేను! "కాలేజీలో సీటు ఊరికే ఇప్పించాననుకున్నావా?" అని నవ్వాడు. అట్ట మీద నా పేరు పడుతుందమ్మా, రచయిత్రి అని. నువ్వు ఆయనతో మాట్లాడి ఇరవై ఎనిమిదేళ్ళయిందని తెలుసు. అయినా ఆయన చిన్నతనం గురించి నీకంటే బాగా ఎవరు చెప్తారు? రాసి పంపు. ఒక్క పేజీ చాలు.

నీ వాగుడుకాయ

---

జూన్ 20

వాగుడుకాయకి,

ఉత్తరం అందింది. కవరు అంచు రెండుసార్లు అంటించినట్టుంది, చివరి కాగితం కూడా అతుక్కుపోయింది. నీ తొందర ఎప్పుడు తగ్గుతుందే?

ఇక్కడ లాండ్రీలో పెద్ద రోలరు పాడయింది. మూడు రోజులుగా ఆసుపత్రి దుప్పట్లన్నీ చేతి ఇస్త్రీయే. కుడి మణికట్టు మీద పాత మచ్చ పక్కన ఇంకోటి కాల్చుకున్నాను. కంగారు పడకు, మందు రాశాను.

తమ్ముడి గురించి అడిగావు. చిన్నప్పుడు వాడు ఏదీ పారేసేవాడు కాదు. విరిగిన పలక, ఒంటి చెప్పు, అన్నీ దాచేవాడు. మాకో పిల్లి ఉండేది, చచ్చిపోయింది. మర్నాటికల్లా అదే రంగు పిల్లిని ఎక్కణ్ణించో పట్టుకొచ్చి అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. నేను ఏడుస్తుంటే, "పోలేదుగా అక్కా, ఇదిగో" అన్నాడు. వాడికప్పుడు ఏడేళ్ళు. తమాషా ఏంటంటే, వారం తిరిగేసరికి ఆ పిల్లి కూడా పాతదానిలాగే నా కాళ్ళ మీదే పడుకునేది.

రాసుకో. నా ఊసు మాత్రం పుస్తకంలో వద్దు. వాడి సీటే కానీ, బాగా చదువుకో. ఇంకొక్క మాట. ఎన్నికల రోజున నువ్వు ఆ ఇంట్లో ఉండకూడదు. వారం ముందే వచ్చేయ్. ఎందుకని అడగకు.

అమ్మ

---

జూలై 3

అమ్మా,

అడగొద్దన్నావు కాబట్టి అడగడం లేదు. కానీ ఆ "ఎందుకు" పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచులా ఉంది, నాలుక అక్కడికే పోతోంది.

ఆఫీసులో గోడ పొడుగునా చెక్క సొరుగులున్నాయి. వార్డులో మనిషికో కార్డు. పేరు, ఇల్లు, ఏ మోకాలు నొప్పి, ఎవరి మీద కోపం, టీలో ఎన్ని చెంచాల చక్కెర. మామయ్య ఎవరినైనా కలవబోయే ముందు కార్డు ఒక్కసారి చూస్తాడు, అంతే. వాళ్ళు పొంగిపోతారు. కొన్ని కార్డుల మూలన "పో" అని రాసి ఉంది. కొన్నిటికి ఆ "పో" పక్కన చుక్క. గుమాస్తా గారిని అడిగాను.

"పో అంటే పోయారు."

"చచ్చిపోయారా, ఊరొదిలి పోయారా?"

"చుక్క ఉంటే మొదటిది, లేకపోతే రెండోది."

"మరి వాళ్ళ కార్డులు తీసెయ్యరా?"

ఆయన కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూశాడు. "కార్డు ఖాళీగా ఉండకూడదమ్మా. మన వార్డులో ఎవరూ పోరు."

మామయ్య నినాదం కూడా అదే. వీధి గోడల మీద చూసి నేను యుద్ధం, పోరాటం లాంటి పోరు అనుకున్నాను! అప్పట్నించీ ఈ మాట నన్ను వదలడం లేదు. పాలు పొంగిపోతాయి, మనిషి అలిసిపోతాడు, రంగు వెలిసిపోతుంది. ఏ మాట చివర తగిలించినా సరే, ఇక వెనక్కి రాదని చెప్పే మాట అది. అలాంటి మాట పక్కన ఒక చుక్క ఎందుకు కావలసి వచ్చిందా అని ఆలోచిస్తున్నాను.

మర్నాడు గుమాస్తా గారితో వీధి తిరిగాను. పదిహేడో ఇంట్లో రిటైరైన బస్సు కండక్టరుని పరిచయం చేశాడు. ఆయన కార్డుకి పో ఉంది, చుక్కా ఉంది. మనిషి మాత్రం కుర్చీలో కూర్చుని "టికెట్, టికెట్" అంటూ నన్ను నవ్వించాడు. వచ్చేటప్పుడు ఆయన భార్య గుమ్మం దాకా వచ్చి, నాకే వినపడేట్టు, "ఈయన మూడో ఆయనమ్మా. మొదట్లో కష్టం. తర్వాత అలవాటైపోతుంది" అంది. చమత్కారం అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అసలు సంగతి మర్చిపోయాను. నీ కార్డు దొరికింది! పో, చుక్క లేదు. కానీ అడుగున కొత్త సిరాతో "కీళ్ళవాతం. చూపు బానే ఉంది" అని రాసి ఉంది. వీధిలో అందరూ "మీ అమ్మగారు మొన్న కూడా నీళ్ళ ట్యాంకు దగ్గర కనపడ్డారు" అంటున్నారు. నాకు చెప్పకుండా వచ్చి వెళ్తున్నావా, దొంగా?

నీ వాగుడుకాయ

---

జూలై 12

వాగుడుకాయకి,

నేను రాలేదు. రాను. నాకు కీళ్ళవాతం లేదు.

చెప్పకూడదనుకున్నది ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది. మొదటి ఎన్నిక రోజు పొద్దున మీ తాతయ్య టీ గ్లాసు చేత్తో పట్టుకునే, కుర్చీలోనే పోయారు. గ్లాసులో టీ ఒలకను కూడా లేదు. తమ్ముడు వచ్చి చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. తలుపు గడియ పెట్టి, "అక్కా, సాయంత్రం ఐదు దాకా నాన్న పోలేదు, సరేనా?" అన్నాడు. వీధి చివర దర్జీని పిలిచి నాన్న కోటు తొడిగాడు, కళ్ళజోడు పెట్టాడు, చేతికర్ర ఇచ్చాడు. దర్జీ వెళ్ళి నాన్న ఓటు వేసి వచ్చాడు. అంతసేపూ నేను నాన్న పక్కన కూర్చుని, జ్వరం వచ్చినవాళ్ళకి తుడిచినట్టు, తడిగుడ్డతో నుదురు తుడుస్తూనే ఉన్నాను. వాడు ఒక్క ఓటుతో గెలిచాడు.

నేను వచ్చేసింది ఆ ఓటు కోసం కాదు. ఐదు దాటినా దర్జీ కోటు విప్పలేదు. బల్ల దగ్గర కూర్చుని, అచ్చం నాన్న దగ్గినట్టే రెండుసార్లు దగ్గి, "అమ్మాయీ, టీ" అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు. నేను లేచి టీ పెట్టి ఇచ్చాను. ఎందుకిచ్చానో ఈ రోజుకీ నాకు తెలియదు. అదే నన్ను భయపెట్టింది. ఇంకో రోజు ఉంటే నాన్నా అని పిలిచేదాన్ని. మర్నాడే పెట్టె సర్దుకున్నాను.

అందుకే వచ్చేయమంటున్నాను. ఎన్నికల దాకా కూడా ఆగకు.

వానలు మొదలయ్యాయి, ఎడమ చెవిలో దూది పెట్టుకో. చిన్నప్పుడు గోరువెచ్చటి నూనె చుక్క వేసి "చీమ వెళ్ళింది, చీమ వెళ్ళింది" అంటే గానీ ఏడుపు ఆపేదానివి కాదు.

అమ్మ

---

జూలై 24

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ ఉత్తరాలన్నీ ఆఫీసుకే వస్తాయి. గుమాస్తా గారు అంచు చక్కగా కత్తిరించి మరీ ఇస్తారు, నాకు చింపే పని లేకుండా.

మామయ్యని అడిగేశాను. మండిపడతాడనుకున్నాను. "అక్క ఆ కథ ఎప్పుడూ అలాగే చెబుతుంది. పద, తననే అడుగుదాం" అని వీధి దాటించి తీసుకెళ్ళాడు.

నీళ్ళ ట్యాంకు వెనక మేడ, రెండో అంతస్తులో ఒక గది. వార్డులో అందరూ ఆవిడని "అక్కగారు" అంటారు. ప్రతి ఎన్నికలోనూ మామయ్య మొదటి సభలో ఆయన కుడిపక్కన నిలబడేది ఆవిడేనట. తలుపు తీయగానే చూశాను, నీలా లేదు. నీకంటే పొట్టి, ముక్కు వెడల్పు. హమ్మయ్య అనుకున్నాను. కానీ మాట్లాడుతుంటే కాసేపటికి ఆ ముక్కు సంగతి మర్చిపోయాను. కుడి మణికట్టు మీద ఇస్త్రీ మచ్చ ఉంది. దాని పక్కన ఇంకోటి, ఇంకా ఎర్రగానే ఉంది. కోటు కథ అంతా చెప్పింది. తడిగుడ్డ, దగ్గు, టీ, అన్నీ. చెబుతూ ఏడ్చింది. తర్వాత చెయ్యి చాచి నా ఎడమ చెవి మీద పెట్టి "చీమ వెళ్ళిందా?" అంది.

చటుక్కున వెనక్కి జరిగాను, నిజం. ఇంకోటి కూడా నిజమే చెప్తాను. నా చెవి మీద ఎవరైనా చెయ్యి పెట్టి ఎన్నేళ్ళయిందో! నేను రాసిన అధ్యాయం చదవమంది. చదువుతున్నంతసేపూ కళ్ళార్పలేదు. నువ్వెప్పుడూ చదవమనలేదు కదా. తప్పు పట్టడం లేదమ్మా, నీకు దుప్పట్లతోనే సరిపోతుంది.

దిగుతుంటే కింది గది కిటికీలో కోటు వేసుకున్న ముసలాయన రెండుసార్లు దగ్గాడు. వచ్చి తాతయ్య కార్డు వెతికాను. వయసు నూట మూడు. చక్కెర లేని టీ.

నీ వాగుడుకాయ

---

ఆగస్టు 2

వాగుడుకాయకి,

అలాగే. నీ ఇష్టం. రాసుకో, తొందరేం లేదు.

పుస్తకానికి పనికొస్తుందేమో, నీ సంగతి ఒకటి చెప్తాను. నీకు ఐదేళ్ళప్పుడు లాండ్రీకి నాతో వచ్చి కనపడకుండా పోయావు. ఆసుపత్రి అంతా గాలించాం. చివరికి మాసిన దుప్పట్ల బుట్ట అడుగున నిద్రపోతూ దొరికావు. పిడికిట్లో ఒక ఎర్ర బొత్తాం. ఎక్కడిదో చెప్పలేదు, ఎవరడిగినా ఇవ్వలేదు. ఆ రోజు నిన్ను కొట్టాను, తర్వాత నేనే ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు ఇది.

అమ్మ

---

ఆగస్టు 19

అమ్మా,

ఆలస్యానికి తిట్టకు. పుస్తకం పదమూడో అధ్యాయంలో పడింది. మేయర్ని లేపిన అధ్యాయం! మామయ్య చెప్పిన విధం వినాలి నువ్వు. ఆ మేయరు తన గది పైఅంతస్తుకి మార్పించుకున్నాడట. మామయ్య ఏమీ అనలేదు. లిఫ్టు బాగుచేసేవాళ్ళ కార్డులు మాత్రం ఓసారి చూశాడు. ఆరు వారాలు లిఫ్టు కదల్లేదు. మేయరుని కలవడానికి ఎవరూ అన్ని మెట్లెక్కలేదు. కలవని మేయరుని జనం ఆరు వారాల్లో మర్చిపోయారు. "తిట్టక్కర్లేదే, కొట్టక్కర్లేదు. మెట్లు పెంచితే చాలు" అన్నాడు.

నిన్న నువ్వు చెప్పినట్టే రాస్తే బాగా వచ్చింది. అయ్యో, నిన్న చెప్పింది నువ్వు కాదు కదా, అక్కగారు. కొట్టెయ్యకుండా వదిలేస్తున్నాను, నవ్వుకుంటావని. కాలేజీ లైబ్రరీ ఆవిడ నాకోసం పుస్తకాలు తీసిపెడుతుంది, ఎంత మంచిదో, అవి పట్టుకుని రోజూ అటే వెళ్తున్నాను. మొన్న తన ఒళ్ళో తల పెట్టుకుంటే ఉన్నట్టుండి దుప్పట్ల బుట్ట సంగతి ఎత్తింది. నేనేమీ అడగలేదు. "ఆ రోజు నిన్ను కొట్టాను, తర్వాత నేనే ఏడ్చాను" అంది. ఎర్ర బొత్తాం గురించి చెబుతూ నా పిడికిలి విప్పి చూసింది, ఇంకా అందులోనే ఉందేమో అన్నట్టు. ఇద్దరం ఏడ్చాం.

ముక్కు అంత వెడల్పేం కాదు, మొదట నేనే సరిగ్గా చూడలేదు.

నీ వాగుడుకాయ

---

ఆగస్టు 27

నా తల్లీ,

ఈ ఉత్తరం ఆ ఇంటికి పంపడం లేదు. నువ్వు ఇష్టంగా చెప్పే ఆ కాలేజీ లైబ్రరీ ఆవిడ పేరు మీద పంపుతున్నాను. చదివి చించెయ్.

దుప్పట్ల బుట్ట జరగలేదు. నువ్వు ఎప్పుడూ తప్పిపోలేదు. ఐదేళ్ళప్పుడు నిన్ను పక్కింట్లో వదిలేసి పనికి వెళ్ళేదాన్ని, లాండ్రీ గడప కూడా తొక్కలేదు నువ్వు. ఎర్ర బొత్తాం లేదు. నిన్ను నేను కొట్టనూ లేదు. ఆ రోజు బల్ల దగ్గర కూర్చుని అన్నీ నేనే కల్పించాను. మొదటిసారి నేనూ నీలా కథ రాశాను. ఎందుకో అర్థమైందా? మచ్చ గురించి నీకు రాశాను, ఆమెకి మచ్చ వచ్చింది. చెవి గురించి రాశాను, ఆమెకి చెవి తెలిసింది. అబద్ధం రాశాను, అదీ ఆమెకి గుర్తొచ్చింది. నా ఉత్తరాలు చదివి ఆమె నేనవుతోంది. రెండుసార్లు అంటించిన కవర్లు చూసి నీ తొందర అని తిట్టాను చూడు, నాదీ బుద్ధే!

నీకు పక్కన కూర్చుని వినే తల్లి కావాల్సి వచ్చింది. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. నీ పదమూడు అధ్యాయాలూ వింటాను. ఎన్నిసార్లు చదివితే అన్నిసార్లు వింటాను.

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. స్టాండులో టీ కొట్టు దగ్గర నిలబడు. పెట్టె తెచ్చుకోకపోయినా పర్వాలేదు, పుస్తకం తెచ్చుకోకపోయినా పర్వాలేదు. నువ్వు వస్తే చాలు.

మీ అమ్మ. నీ అమ్మనే, నేనే.

---

సెప్టెంబరు 4

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. లైబ్రరీ ఆవిడ కూడా మన వార్డు మనిషేనండీ. పాపం, నేరుగా ఆఫీసుకే తెచ్చి ఇచ్చారు.

గురువారం మీరు వచ్చారని గుమాస్తా గారు చెప్పారు. టీ కొట్టు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డారట, ఆఫీసుకి వచ్చి నన్ను అడిగారట. అప్పుడు నేను పైన కిటికీ దగ్గరే ఉన్నాను. మిమ్మల్ని చూశాను. చూసి, ఎవరో తెలిసినావిడలా ఉన్నారే అనుకున్నాను. పిలుద్దామనే అనుకున్నాను, కానీ ఏమని పిలవాలో తోచలేదు. అన్ని మెట్లెక్కించి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. ఏమీ అనుకోకండి.

ఎర్ర బొత్తాం జరగలేదని రాశారు. మీరు పెద్దవారు, మీకు గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తుంది. బుట్ట అడుగున చీకటి, తడి దుప్పట్ల వాసన, పైనించి అమ్మ గొంతు, అన్నీ గుర్తున్నాయి. అమ్మ ఇన్నాళ్ళూ దాచిందట, మొన్న నా చేతికి ఇచ్చింది. మీ తృప్తి కోసం ఈ కవర్లో పెడుతున్నాను. నాలుగు రంధ్రాలు. ఒకదాంట్లో తెల్ల దారం ముక్క ఇంకా ఉంది, చూడండి.

పుస్తకం దాదాపు అయిపోయింది. మొదటి సభ వచ్చే ఆదివారం. మామయ్య కుడిపక్కన అమ్మ, ఎడమపక్కన నేను నిలబడతాం. "ఎన్నో అంతస్తు?" అని మామయ్య అడిగితే జనమంతా కలిసి "ఎవరూ పోరు" అని అరిచేది మీరూ వింటే బాగుండేది.

ఇంకో సంగతి. నన్ను వాగుడుకాయ అని రాయకండి. అది అమ్మ పిలిచే పేరు.

కార్డులన్నీ ఇప్పుడు నేనే చూస్తున్నాను. మీ పేరు మీద కొత్తగా ఒకటి రాశాను: ఊరు, లాండ్రీ, మణికట్టు. మూలన "పో" అని కూడా రాశాను. పక్కన చుక్క పెట్టాలా వద్దా అని అడిగితే మామయ్య "మీ అమ్మనే అడుగు" అన్నాడు. మీ ఉత్తరాలన్నీ పూర్తిగా చదివాకే చెబుతానంటోంది అమ్మ. ఇంకా చాలా తెలుసుకోవాలట.

అందుకని, దయచేసి, రాయడం మాత్రం మానకండి.

ఇట్లు,
రచయిత్రి